లాడ్జి కౌంటర్ దగ్గర నేను సువార్తకు సిగ్గుపడ్డానా?

ప్రశ్న: తిరుపతిలో రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మా దగ్గర దిగేవాళ్లంతా స్వామి దర్శనానికి వచ్చేవాళ్లే. టోకెన్లు ఎక్కడిస్తారు, కొండకు బస్సు ఎక్కడ ఎక్కాలి, అలిపిరికి ఆటో ఎంత అని అడుగుతారు, చెబుతాను. మొన్న యూత్ మీటింగులో ప్రసంగీకులు బైబిల్లోని రోమా పత్రిక 1:16 చదివి, "ఈ నెలలో మీ డ్యూటీలో ఎవరెవరు సువార్త చెప్పారు, చేతులెత్తండి" అన్నారు. నేను ఎత్తలేదు. ఎత్తనివాళ్లంతా సువార్తకు సిగ్గుపడుతున్నట్టే అన్నారు. నా స్నేహితురాలైతే, నువ్వు రోజూ జనానికి గుడికి దారి చూపిస్తున్నావు, అంతకన్నా సిగ్గు ఏముంది అంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. డ్యూటీలో మెడలో సిలువ గొలుసును చున్నీ కిందకు తోసేసుకుంటాను. ఎవరూ చెప్పలేదు, నాకే అలవాటైంది. నాతో నైట్ డ్యూటీ చేసే అక్క కొండకు వెళ్లొచ్చిన ప్రతిసారీ లడ్డు ఇస్తుంది. కాదనలేక తీసుకుని, ఆమె చూడకుండా ఇంకెవరికో ఇచ్చేస్తాను. ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఆ అక్కే, "సిలువ మీద చచ్చిపోయినాయన్ను మీరెందుకు మొక్కుతారే?" అని అడిగింది. "ఏమోలే అక్కా, మా ఇంట్లో మొదట్నుంచీ అంతే" అని మాట మార్చేశాను. అసలు ఆ వచనానికి అర్థమేమిటి? "మొదట యూదునికి" అని ఎందుకుంది? నేను సిగ్గుపడుతున్నట్టేనా? ఉద్యోగం మానేయాలా? పేరు వేయొద్దు.
– ఒక సోదరి, తిరుపతి

సమాధానం: అమ్మా, ఉద్యోగం మానొద్దు. ముందు ఈ ఒక్క మాట చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. నీకు నా మనవరాలి వయసుంటుంది, అందుకని నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

వచనం మొత్తం రాస్తాను. "సువార్తను గూర్చి నేను సిగ్గుపడువాడను కాను. ఏలయనగా నమ్ము ప్రతివానికి, మొదట యూదునికి, గ్రీసుదేశస్థునికి కూడ రక్షణ కలుగజేయుటకు అది దేవుని శక్తియై యున్నది." మన సండే స్కూల్లో దీన్ని బట్టీ పట్టని పిల్లలుండరు. బట్టీ పట్టడంలో చిక్కేమిటంటే, వచనం తన చుట్టుపక్కల వాటి నుంచి ఊడొచ్చి ఆటో వెనక స్టిక్కర్‌లా అతుక్కుపోతుంది. దీన్ని 14వ వచనం నుంచి చదవాలి. అక్కడ, రోములోని క్రైస్తవులకు ఈ పత్రిక (ఉత్తరం) రాసిన పౌలు, "గ్రీసుదేశస్థులకును గ్రీసుదేశస్థులు కానివారికిని, జ్ఞానులకును మూఢులకును నేను ఋణస్థుడను" అంటాడు. 15లో, రోములో ఉన్న మీకు కూడా చెప్పడానికి సిద్ధంగా ఉన్నానంటాడు. సిగ్గు మాట ఆ తర్వాతే వస్తుంది. గ్రీకు మూలంలో 16వ వచనం మొదట్లోనే "ఎందుకంటే" అనే అర్థం వచ్చే మాట ఒకటుంది, మన తెలుగులో అది జారిపోయింది. కాబట్టి ఇది పౌలు తొడగొట్టి చేసిన శపథం కాదు. ఎందుకు సిద్ధంగా ఉన్నావయ్యా అంటే చెప్పుకున్న కారణం.

ఆ ఋణస్థుడు అనే మాట నాకు చాలా ఇష్టం. బాకీ ఉన్న మనిషి బాకీ తీర్చడానికి ఎట్లా వెళతాడు? కాలరెగరేసుకుని వెళ్లడు. చెప్పులు బయట విడిచి, "అన్నా, తీరిగ్గా ఉండావా?" అని అడిగి కూర్చుంటాడు. పౌలు లెక్కలో వినేవాడు అప్పిచ్చినవాడు, చెప్పేవాడు బాకీదారు. మన మీటింగుల్లో చాలాసార్లు ఇది తలకిందులైపోతుంది. ఊరంతా మనకు బాకీ ఉన్నట్టు, మనం వసూలుకు బయల్దేరినట్టు మాట్లాడతాం.

ఈ పత్రిక రాసేనాటికి, అంటే క్రీ.శ. 57 ప్రాంతానికి, పౌలు ఇంకా రోము మొహం చూడలేదు. కొరింథులో ఉండి ఆయన చెబుతుంటే తెర్తియు అనే అతను రాశాడు. దాన్ని రోముకు మోసుకెళ్లింది కొరింథు దగ్గరున్న కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసే ఫీబే అని పండితుల్లో చాలామంది అంటారు. 16వ అధ్యాయం మొదట్లోనే ఆమెను బాగా చేర్చుకోమని పౌలు సిఫారసు రాశాడు మరి. ఇన్ని వందల ఏళ్లుగా ఇంతమంది మైకు పట్టుకుని ప్రసంగించిన మాటలు మొదట ఒక ఆడమనిషి మూటలో ప్రయాణం చేశాయన్నమాట. మీ యూత్ మీటింగులో ఎవరైనా ఈ సంగతి చెప్పారో లేదో.

ఇక సిగ్గు సంగతి. తెలుగులో ఈ మాట ఎన్ని రకాలుగా వాడతామో చూడు. పెళ్లిపీటల మీద తల దించుకున్న పిల్లకు సిగ్గు. నలుగురిలో పాట పాడమంటే వెనక్కి నక్కే పిల్లవాడికి సిగ్గు. తప్పు చేసి దొరికినవాడికి సిగ్గు. నమ్మినవాడు మోసం చేస్తే వీధిలో తల ఎత్తుకోలేకపోవడం కూడా సిగ్గే. మొదటి రెండూ నిజానికి బిడియం. తెలుగు టీచరుగా ముప్పై ఏళ్లకు పైగా పిల్లల్ని చూసినదాన్ని కదా, బిడియం ఉన్న పిల్లలు అబద్ధాలకోరులు కారని, గట్టిగా అరిచే పిల్లలకే పాఠం వచ్చునని చెప్పలేమని నాకు బాగా తెలుసు. పౌలుకు కూడా బిడియం, భయం ఉండేవి. ఏ కొరింథు నుంచి ఈ "సిగ్గుపడువాడను కాను" రాశాడో, ఆ ఊరివాళ్లకే మరో పత్రికలో "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని" అని ఒప్పుకున్నాడు. చేతులెత్తమన్నప్పుడు నీ చెయ్యి లేవకపోవడంలో సగం ఈ బిడియమే. దానికి పౌలు వచనం తెచ్చి వాతపెట్టడం న్యాయం కాదు.

మరి పౌలు ఏ సిగ్గు గురించి మాట్లాడాడు? నీతో డ్యూటీ చేసే అక్క రాత్రి రెండు గంటలకు అడిగిందే, ఆ ప్రశ్నలో ఉంది జవాబు. చచ్చిపోయినాయన్ను ఎందుకు మొక్కుతారు? రోమువాళ్లు అచ్చం ఇదే అడిగారు. మనం సిలువను బంగారంలో, వెండిలో, గుడి గోపురం మీద లైట్లలో చూసి చూసి అది ఏమిటో మర్చిపోయాం. అది బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. ఒక ఉరితాడు బొమ్మను బంగారంతో చేయించి మెళ్లో వేసుకుంటే జనం ఎట్లా చూస్తారో అట్లా ఉండేది వాళ్లకు. పౌలు కంటే 120 ఏళ్ల ముందు సిసిరో అనే పేరుమోసిన వక్త, సిలువ అనే మాటే రోమా పౌరుడి ఒంటికే కాదు, అతని తలపుకూ కంటికీ చెవికీ కూడా దూరంగా ఉండాలని కోర్టులో వాదించాడు. రోములోనే పాలటైన్ కొండ మీద ఒక పాత గోడపై గీసిన బొమ్మ 1857లో బయటపడింది. క్రీ.శ. 200 ప్రాంతానిదని అంచనా. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి నిలబడ్డ కుర్రాడు, పక్కన వంకరటింకర గ్రీకు అక్షరాల్లో "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి మొక్కుతున్నాడు" అని రాత. తోటివాడెవడో ఆటపట్టించడానికి గీసి ఉంటాడు. ఆ కుర్రాడు దాన్ని చూసి ఏమనుకున్నాడో గాని, వాడి పేరు మాత్రం మిగిలింది.

సువార్త అనే మాట సంగతి కూడా చెప్పాలి. సు, వార్త. వార్త అంటే జరిగిన సంగతి. నీతిబోధ కాదు, సలహా కాదు, వాదన కాదు. గ్రీకు మూలంలో ఉన్న మాటను ఆ రోజుల్లో యుద్ధంలో గెలిచామని వచ్చే కబురుకు వాడేవారు, చక్రవర్తుల గురించి కూడా వాడేవారు. ఇప్పటి టర్కీలో ఉన్న ప్రియేనె అనే ఊళ్లో దొరికిన, క్రీ.పూ. 9 నాటి శాసనంలో రోమా చక్రవర్తి అగస్టస్ పుట్టినరోజును లోకానికి శుభవార్తల మొదలు అన్నారు. అట్లాంటి రాజధాని రోముకు, ఆ చక్రవర్తుల గవర్నరే సిలువ వేయించిన ఒక యూదుడి గురించి "ఇదీ అసలు శుభవార్త" అని ఉత్తరం రాయాలి. పౌలుకు సిగ్గు ఎదురుపడిన చోటు అది. జనం నవ్వుతారని ఆయనకు తెలుసు. సిలువవేయబడిన క్రీస్తు యూదులకు ఆటంకం, అన్యజనులకు వెర్రితనం అని కొరింథువాళ్లకు ముందే రాశాడు.

ఇంకో లోతు ఉంది. అది నాకు పుస్తకాల వల్ల కాదు, ఒక చీటీ వల్ల తెలిసింది. చాలా ఏళ్ల కిందట చిత్తూరులో మా వీధిలోనే ఒకాయన చీటీలు నడిపేవాడు. నేను ఒక చీటీ వేసి, మొదట్లో పాటలు సక్రమంగా జరిగేసరికి మా పెద్దమ్మ కొడుకును, ఇద్దరు తోటి టీచర్లను కూడా చేర్పించాను. "మంచోడప్పా, నాదీ పూచీ" అన్నాను. పద్నాలుగో నెలలో ఆయన రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. నేను ఎవరి రూపాయీ తినలేదు, నా డబ్బూ పోయింది. అయినా రెండేళ్లపాటు ఆ టీచర్ల ఇళ్లున్న వీధి వదిలేసి సంతవీధి చుట్టూ తిరిగి స్కూలుకు వెళ్లేదాన్ని. ఒకరిని నమ్మి, నమ్మమని పదిమందికి చెప్పి, ఆ నమ్మకం మునిగినప్పుడు పడే సిగ్గు అది.

బైబిల్లో సిగ్గుపడటం అంటే ఎక్కువ చోట్ల ఇదే. 25వ కీర్తనలో, నీకోసం కనిపెట్టుకున్నవాళ్లెవరూ సిగ్గునొందరు అంటాడు దావీదు. ఈ రోమా పత్రికలోనే ఐదో అధ్యాయంలో "ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు" అని ఉంటుంది, పదో అధ్యాయంలో యెషయా ప్రవక్త మాట ఎత్తి, ఆయనయందు విశ్వాసముంచినవాడెవడూ సిగ్గుపడడు అని ఉంటుంది. ఈ వెలుగులో చదివితే 1:16లో పౌలు తన ధైర్యం గురించి గొప్పలు చెప్పుకోవడం లేదు. ఈ చీటీ మునగదు, నేను పూచీ పడ్డాను, మీ వీధి తప్పించి తిరిగే రోజు నాకు రాదు అంటున్నాడు. భారం పౌలు గుండె మీద లేదు, చీటీ నడిపేవాడి మీద ఉంది. నా మట్టుకు నాకు ఈ వచనంలో ఇంతకంటే ముఖ్యమైన సంగతి లేదు.

ఇప్పుడు శక్తి. మీ ప్రసంగీకులు డైనమైట్ మాట తెచ్చే ఉంటారు, తేకుండా ఉండరు. గ్రీకులో శక్తికి డునామిస్ అంటారు, డైనమైట్ అందులోంచి వచ్చింది, కాబట్టి సువార్త డైనమైట్ అని. మాట అందులోంచి పుట్టిందన్నది నిజమే. కానీ నోబెల్ దాన్ని కనిపెట్టి పేటెంటు తీసుకున్నది 1867లో. పౌలు మనసులో కుప్పం క్వారీల్లో బండలు పేల్చే మందు లేదు. పేల్చడం, పగలగొట్టడం అనుకున్నాం కాబట్టే మనం మైకులు పెట్టి, వినేవాళ్ల చెవులు పగలగొడుతున్నాం. అదే అధ్యాయంలో యేసును మృతుల్లోంచి లేపిన శక్తి గురించి పౌలు మాట్లాడాడు, లోకాన్ని సృష్టించిన శక్తి గురించి మాట్లాడాడు. రెండూ ప్రాణం పోసేవే. యేసు చెప్పిన ఉపమానం కూడా అట్లాంటిదే. రైతు విత్తి, రాత్రి పడుకుని పొద్దున లేస్తుంటాడు, ఎట్లా మొలిచిందో వాడికే తెలియదు, భూమి దానంతటదే పండిస్తుంది. వానకు ముందు చెనిక్కాయ విత్తిన మన రైతును అడుగు, రోజూ తవ్వి చూస్తే మొలక చస్తుందంటాడు.

"అది దేవుని శక్తి" అన్నాడు గాని, "దాన్ని చెప్పే నేను శక్తి" అనలేదు. ఈ తేడా తెలిస్తే నీ టెన్షన్ సగం తగ్గాలి. వార్తలోనే బలం ఉంటే దాన్ని బలవంతంగా తోయనక్కర్లేదు. అదే కారణంగా దాచనూ అక్కర్లేదు.

రక్షణ అనే మాటను మనవాళ్లు "నీకు రక్షణ ఎప్పుడయింది?" అని పెళ్లి తారీఖు అడిగినట్టు అడుగుతారు. రోమా పత్రికలో అది అంత చిన్నది కాదు. ఎనిమిదో అధ్యాయంలో రక్షింపబడితిమి అంటాడు, పదమూడులో రక్షణ మరీ దగ్గరకొచ్చింది అంటాడు. అయిపోయినదీ, రావలసినదీ కూడా. 17వ వచనంలో ఉన్న "దేవుని నీతి" గురించి మాత్రం నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే అది మీ తిరుపతికి సంబంధించిన కథ. మనకు నీతి అంటే నీతికథ గుర్తొస్తుంది, లేదా తప్పు చేస్తే కొట్టే న్యాయం గుర్తొస్తుంది. జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌కు కూడా అదే అర్థమై, ఆ మాటంటేనే మంటగా ఉండేదట. దేవుని నీతి అంటే మనల్ని శిక్షించే నీతి కాదు, నమ్మినవాడికి ఆయన ఉచితంగా ఇచ్చే నీతి అని తెలిసినరోజు పరలోక ద్వారాలు తెరుచుకున్నట్టయిందని 1545లో, చనిపోవడానికి ముందటేడు, రాసుకున్నాడు. ఆ లూథర్ సంప్రదాయం నుంచే, జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి మిషనరీలు సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు వచ్చారు. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం కేంద్రం ఇప్పటికీ తిరుపతిలోనే ఉంది. మీ ఇంటి మూడు తరాల వెనక ఏ మిషన్ ఉందో నాకు తెలియదు గాని, కొండ కింద ఆ ఒక్క వచనం చాలా దూరం నడిచి వచ్చింది.

"మొదట యూదునికి" అని ఎందుకన్నాడంటావా. వాగ్దానం మొదట వాళ్లకు వచ్చింది, క్రీస్తు వాళ్లలో పుట్టాడు, అంతవరకే ఆ "మొదట". వాళ్లు ఎక్కువ, మిగతావాళ్లు తక్కువ అని కాదు. "గ్రీసుదేశస్థుడు" అంటే ఇక్కడ యూదులు కాని అందరూ, నువ్వూ నేనూ కూడా. ఇది రోముకే రాయడానికి ఒక కారణం ఉంది. క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోము విడిచి వెళ్లమన్నాడు. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అట్లా కొరింథుకు వచ్చినవాళ్లేనని అపొస్తలుల కార్యములు 18లో ఉంది. 54లో క్లౌదియ చనిపోయాక యూదులు మెల్లగా తిరిగొచ్చారు. వచ్చేసరికి సంఘాల్లో యూదులు కానివాళ్లదే పెత్తనం అయిందని పండితుల్లో చాలామంది అంటారు. అందుకే పదకొండో అధ్యాయంలో, అంటుకట్టిన కొమ్మవు నువ్వు, అసలు కొమ్మల మీద అతిశయపడకు అని మందలిస్తాడు. మామిడి అంట్లు చూసిన మన వైపువాళ్లకు ఈ పోలిక విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి "మొదట యూదునికి" అన్నది సంఘంలో తల ఎగరేసేవాళ్లకు పెట్టిన ముకుతాడు. "నమ్ము ప్రతివానికి" అన్నది ఇంకా పెద్ద ముకుతాడు. దీన్ని అంత గట్టిగా చదివే మన సంఘాల్లో పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి ఆ "ప్రతివాడు" ఎక్కడికి పోతాడో నాకు తెలియదు. సువార్తకు సిగ్గుపడటమంటే అది కూడా కాదా అని మీ ప్రసంగీకుల్ని ఒకసారి అడగాలని ఉంది. సరే, అది వేరే ఉత్తరం.

ఇప్పుడు నీ కౌంటర్ దగ్గరకు వస్తాను. పౌలు కూడా యాత్రికుల ఊళ్లో బతికాడు. ఎఫెసు అంటే ఆ కాలంలో అర్తెమి దేవి గుడి ఉన్న ఊరు, ఆ గుడికి ప్రపంచంలోని ఏడు వింతల్లో ఒకటని పేరు. ఊరి వ్యాపారమంతా దాని చుట్టూనే. ఆ ఊళ్లో ఆయన రెండేళ్లకు పైగా ఉన్నాడు, తన చేతుల కష్టంతో బతికాడు. చివరకు వెండి గుళ్లు చేసి అమ్మే దేమేత్రియు గొడవ లేపితే ఊరంతా రంగస్థలానికి పరుగెత్తింది. అప్పుడు జనాన్ని సముదాయించినది ఊరి అధికారి. మన తెలుగు బైబిల్లో ఆయన్ని ముచ్చటగా "కరణము" అన్నారు. ఆయన ఏమన్నాడో 19వ అధ్యాయంలో చదువు. జనం పట్టుకొచ్చిన పౌలు తోటివాళ్లను చూపించి, వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు అన్నాడు. రెండేళ్లు సువార్త చెప్పిన మనిషి వెంట ఉన్నవాళ్ల గురించి, ఆ మతం వాడే, పదిమందిలో ఇచ్చిన సర్టిఫికెట్ ఇది. సిగ్గుపడనివాళ్లు ఇరుగుపొరుగుకు ఎట్లా కనిపించారో చూడు.

దారి అడిగినవాళ్లకు సరైన దారి చెప్పడం నీ ఉద్యోగం, నీ మర్యాద కూడా. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన ముసలాయనకు, గుండు చేయించుకున్న పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి బస్సు ఎక్కడో చెప్పకపోతే నువ్వు పౌలు బాకీ తీర్చినట్టు కాదు, ఇంకో బాకీ చేసినట్టు. కౌంటర్‌లో నిలబడి వాళ్లకు సువార్త చెప్పాలా అంటే, వద్దంటాను. చట్టం సంగతి నీకు తెలిసే ఉంటుంది. తిరుమల కొండ మీద వేరే మతాల ప్రచారం 2007 నుంచి చట్టరీత్యా నిషేధం. నువ్వు కొండ మీద లేవు, నిజమే. కానీ నేను చూసేది చట్టం ఒక్కటే కాదు. నీ ముందు నిలబడ్డ మనిషి రూమ్ తాళం నీ చేతిలో ఉంది. వాడు వినక తప్పదు. లేచి వెళ్లిపోయే వీలు లేనివాడికి చెప్పేది శుభవార్త కాదు, ఫారం నింపించుకున్నట్టు ఉంటుంది. వెళ్లిపోయే స్వేచ్ఛ ఉన్న ధనవంతుడైన యువకుడు వెళ్లిపోతుంటే యేసు వెనకబడి పరుగెత్తలేదు.

గొలుసు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎవరూ వద్దనలేదన్నావు, నువ్వే తోసేసుకుంటున్నావు. ఉండేచోట ఉండనియ్యి. దాన్ని బయటకు తీసి చూపించనక్కర్లేదు, లోపలికి తోయనూ అక్కర్లేదు. బంగారంతో చేసిన దానికి మహిమ లేదు.

లడ్డు విషయంలో మాత్రం నేను నీ పక్షం కాదు. ఇట్లాంటి వాటి గురించి పౌలు కొరింథీయులకు రాశాడు. అంగట్లో అమ్మేది అడగకుండా తిను, ఇది దేవతకు అర్పించినది అని ఎవరైనా చెబితే చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకు అన్నాడు. ఈ మాట పట్టుకుని మనవాళ్లలో చాలామంది ప్రసాదం తీసుకోరు, నేనూ తీసుకోను. తీసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి తీర్పు చెప్పడానికి నేనెవర్ని. రోమా 14లో "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను" అని ఉంది. నువ్వు ఏదో ఒకటి రూఢి చేసుకో. కానీ ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఆమె చూడకుండా దాటించడం బాగోలేదమ్మా. క్యూలో గంటలు నిలబడి, తనకు దొరికిన దాంట్లో నీకు ఒకటి దాచి తెస్తోంది ఆమె. తనకు పవిత్రమైన దాన్ని నీకు ఇస్తోంది. ఒక రోజు తెలిస్తే ఆమె మనసు విరుగుతుంది, లడ్డు గురించి కాదు, నీ గురించి. "అక్కా, నాకోసం తెచ్చినావు, చాలా సంతోషం. మా ఇంట్లో ప్రసాదం తీసుకోము, ఏమీ అనుకోవద్దు, ఇంటికి తీసుకుపోయి పిల్లలకియ్యి" అని చెప్పు. మొదటిసారి కొంచెం మొహం మాడవచ్చు. రెండోసారికి ఆమెకు అలవాటవుతుంది.

ఇక మిగిలింది ఆ రాత్రి రెండు గంటల మాట. నీ ఉత్తరంలో దీన్ని నువ్వు మధ్యలో ఇరికించి దాటేశావు గాని, నాకు అసలు ఉత్తరం అదే అనిపించింది. చేతులెత్తకపోవడం సిగ్గు కాదు, దారి చెప్పడం సిగ్గు కాదు. కానీ ఒక మనిషి తనంతట తాను, ఎవరూ లేని వేళ, నిజంగా తెలుసుకోవాలని అడిగితే "మా ఇంట్లో మొదట్నుంచీ అంతే" అన్నావే, అక్కడ మాత్రం పౌలు చెప్పిన సిగ్గు కొంచెం ఉంది. నువ్వు చెడ్డదానివని కాదు. చచ్చిపోయినాయన్ను మొక్కడం ఆమెకు వెర్రిగా కనిపిస్తోందని తెలిసి, ఆ వెర్రిని మీ తాతల మీదకు నెట్టేశావు. వాళ్ల చీటీ, నాకేం తెలియదు అన్నట్టు. యేసును పట్టుకున్న రాత్రి, మంట దగ్గర చలి కాచుకుంటున్న శిష్యుడు పేతురును ఒక పనిపిల్ల, నువ్వూ యేసు మనిషివే కదా అని అడిగినప్పుడు ఆయన ఇంతకంటే ఘోరంగా దాటేశాడు. తర్వాత యేసు ఆయన్ని పిలిచి ముందు చేపలు పెట్టాడు, ఆ తర్వాతే, నన్ను ప్రేమిస్తున్నావా అని ప్రశ్న అడిగాడు. కాబట్టి దీని గురించి కుమిలిపోవద్దు.

చేయాల్సింది చిన్న పని. పని తక్కువున్న ఏదో ఒక రాత్రి, "అక్కా, ఆ పొద్దు నువ్వు అడిగితే నేను సరిగ్గా చెప్పలేదు, సిగ్గేసింది" అని నువ్వే మొదలుపెట్టు. పేతురు పత్రికలో, మీ నిరీక్షణకు హేతువు అడిగినవాళ్లకు "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పమని ఉంది. అడిగినవాళ్లకు అన్నది గుర్తుంచుకో. ఏం చెప్పాలి అంటే, పౌలు తాను మొదట చెప్పిన వార్తను కొరింథీయులకు రెండు వాక్యాల్లో కుదించాడు. క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేశారు, మూడో రోజు లేచాడు. "ఆయన చనిపోయినాయనే అక్కా, నా తప్పుల కోసం చనిపోయినాడని నమ్ముతాం, అంతటితో అయిపోలేదు, లేచినాడని నమ్ముతాం, అందుకే మొక్కుతాం" అంటే వచనమంతా వచ్చేసినట్టే. దాని తర్వాత ఒక మాట నీది ఉండాలి. నీ బతుకులో ఆ నమ్మకం నిన్ను ఎక్కడ నిలబెట్టిందో ఆ ఒక్క సంగతి. అది నేను రాసివ్వలేను, మీ ప్రసంగీకులూ రాసివ్వలేరు. ఏమీ తట్టకపోతే తట్టలేదనే చెప్పు, కల్పించకు.

తర్వాత ఆమెను కూడా అడుగు, నువ్వు కొండకు ఎందుకు పోతావక్కా అని. అడిగి, మధ్యలో అడ్డం పడకుండా విను. ఆమె చెప్పేదాన్ని ఖండించడానికి వచనాలు వెతుక్కుంటూ వినకు. బాకీ ఉన్నవాళ్లు అట్లా వినరు. నీ మాట ఆమెకు ఎక్కవచ్చు, ఎక్కకపోవచ్చు. "సరేలేవే, పోయి టీ పట్టుకురా" అని ఆమె నవ్వేస్తే, వెళ్లి టీ తెచ్చివ్వు.